మూడు నీళ్లు, మూడు బసలు: గాలపు వేటలో గుర్తుండే రోజు

గాలపు వేటకు వెళ్లివచ్చిన వారిని ఎవరిని కదిలించినా ముందుగా చెప్పేది చేప బరువు. ఇలాంటి ప్రయాణాలను ఏర్పాటు చేసే సంస్థలు కూడా తమ ప్రకటనల్లో ఆ బరువునే చూపుతాయి. ఆ ఫొటోల్లో అబద్ధమేమీ ఉండకపోవచ్చు గానీ, అవి చూపించేది రోజు మొత్తంలో ఒకటి రెండు నిమిషాల సంగతి మాత్రమే. మిగిలిన గంటలు ఎలా గడిచాయో, ఎక్కడ ఎవరి వల్ల వృథా అయ్యాయో, ఎవరి వల్ల నిండుగా సాగాయో ఏ ప్రకటనా చెప్పదు. హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ నది, న్యూజిలాండ్‌లోని టౌపో సరస్సు, ఫ్లోరిడా దక్షిణపు కొసన ఉన్న కీస్ దీవుల్లోని ఇస్లమొరాడా, ఈ మూడు చోట్ల బసలను, గైడ్లను, పడవలను చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. మనిషిని సరైన వేళకు సరైన నీటి దగ్గర నిలబెట్టి, ఆ తరువాతి నిర్ణయాలను అతనికే వదిలిపెట్టేదే మంచి ఏర్పాటు. ఈ రెండింటిలో ఏది లోపించినా చేప దొరికిన రోజు సైతం చప్పగా మిగులుతుంది.

వేళ గురించి ముందుగా చెప్పాలి, ఎందుకంటే బస ఎంపిక మొత్తం దాని మీదే ఆధారపడుతుంది. సముద్రమట్టం వద్ద 10 డిగ్రీల సెల్సియస్ ఉన్న లీటరు మంచినీటిలో సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు; 20 డిగ్రీల వద్ద అది దాదాపు 9కి, 30 డిగ్రీల వద్ద ఏడున్నరకు తగ్గుతుంది. చల్లటి నీటికి అలవాటుపడిన ట్రౌట్ వంటి చేప 20 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది, మేత మీద ఆసక్తి తగ్గించుకుని లోతుకో, నురగలు కక్కే ప్రవాహపు మొదలుకో చేరుతుంది. దానికి తోడు నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు లోతులేని నీటిలో చేప తనను తాను కాపాడుకోవడానికే ప్రాధాన్యం ఇస్తుంది. అందుకే వేసవిలో తెల్లవారుజాము, సంధ్యవేళ అంత విలువైనవి. వసంతం మొదట్లో మాత్రం ఇది తలకిందులై, నీరు కాస్త వెచ్చబడే మధ్యాహ్నమే మంచి వేళ అవుతుంది. ఇది తెలిసిన బసకూ, ఉదయం ఎనిమిది గంటల దాకా ముఖద్వారం తాళం తీయని బసకూ మధ్య ఉన్న తేడా గది సౌకర్యాల్లో కనబడదు.

తీర్థన్ బియాస్‌కు ఉపనది. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు ఎగువ భాగాల్లో పుట్టి, బంజార్ మీదుగా దిగివచ్చి, లార్జీ వద్ద బియాస్‌లో కలుస్తుంది. ఆ పార్కును 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. నదిలో ఉన్న బ్రౌన్ ట్రౌట్ ఈ నేలది కాదు. బ్రిటిష్ వారి కాలంలో ఐరోపా నుంచి తెచ్చి వదిలిన జాతి, ఆ చల్లటి నీటిలో స్థిరపడిపోయింది. చండీగఢ్ వైపు నుంచి మనాలీ రహదారి మీద వచ్చేవారు ఔట్ సొరంగం వద్ద మలుపు తిరిగితే చాలు, కొండల మధ్య ఇరుకైన లోయలోకి ప్రవేశిస్తారు. అక్కడి నుంచి గుశైనీ దాకా నది పక్కనే చిన్న చిన్న అతిథిగృహాలు, హోమ్‌స్టేలు ఉన్నాయి.

మొదట నేను దిగింది రోడ్డుకు పైన, కొండవాలు మీద కట్టిన కొత్త భవనంలో. గది విశాలం, కిటికీలోంచి లోయ అంతా కనబడుతుంది, వేడినీళ్లకు కొరత లేదు. అయితే అక్కడి నుంచి నదికి దిగే దారి బాగా నిటారుగా ఉంటుంది; తెల్లవారకముందే టార్చిలైటు పట్టుకుని ఆ మెట్లు దిగడం ఒక ఎత్తయితే, కాలిమడమ దాకా తడిసిన బూట్లతో, భుజాన సంచితో తిరిగి ఎక్కడం మరో ఎత్తు. ఫలితంగా మధ్యాహ్నం ఒకసారి పైకి వచ్చాక సాయంత్రం మళ్లీ దిగాలనిపించదు, రోజులో మంచి వేళల్లో సగం అలా జారిపోతుంది. తరువాత మారిన హోమ్‌స్టే దీనికి పూర్తిగా భిన్నం. గదులు చిన్నవి, గోడలు పలుచన, పక్క గదిలో దగ్గినా వినబడుతుంది. కానీ పెరటి గట్టు దిగితే నదే. ఇంటివారు ముందు రాత్రే ఫ్లాస్కులో టీ పెట్టి, తలుపు గడియ ఎలా తీసుకోవాలో చూపించి, పొద్దున్న తమ నిద్ర చెడగొట్టకుండా వెళ్లిపొమ్మని నవ్వుతూ చెప్పారు. వేటకు వచ్చిన వారికి ఇంతకుమించిన ఆతిథ్యం నాకు కనిపించలేదు. నది హోరు రాత్రంతా వినబడుతుంది, నిద్ర పలుచగా పట్టేవారు ఆ సంగతి ముందే గుర్తుపెట్టుకోవాలి.

అక్కడి గైడు మాటల్లో పొదుపరి. మొదటి మడుగు దగ్గరికి తీసుకెళ్లి నీళ్లలో దిగవద్దని చేయి అడ్డం పెట్టాడు. ఒడ్డునున్న ఒక పెద్ద రాయి వెనుక కూర్చోబెట్టి చాలాసేపు నీటిని చూడమన్నాడు. రాతికి గుద్దుకుని ప్రవాహం రెండుగా చీలే చోట, వడినీటికీ నిలకడ నీటికీ మధ్య ఒక గీత ఏర్పడుతుంది. చేప ఆ గీతకు లోపలి వైపున, శ్రమ లేకుండా నిలబడి, పక్కనే కొట్టుకొచ్చే పురుగులను అందుకుంటుంది. ఆ గీత నా కళ్లకు నాకుగా కనబడేదాకా ఆయన వేలు పెట్టి చూపించలేదు. ఆ తరువాత గాలం విసరడం నా పని, పోగొట్టుకోవడం కూడా నా పనే అన్నట్టు నాలుగడుగులు వెనక్కి జరిగాడు. మధ్యాహ్నానికి దొరికినది జానెడు పైచిలుకు చేప ఒక్కటే. దాని మీద ఎర్రచుక్కలు, వాటి చుట్టూ లేతనీలం వలయాలు చూసి తిరిగి నీటిలో వదిలేశాం. ఆ చేప అక్కడ ఎందుకు ఉందో, ఎరను ఎందుకు అందుకుందో నాకు తెలుసు కాబట్టే ఆ రోజు ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాను.

టౌపో అనుభవం దీనికి ఎదురుగా పెట్టి చూడదగినది. 616 చదరపు కిలోమీటర్ల ఆ సరస్సు ఒక మహా అగ్నిపర్వత విస్ఫోటనపు గుంటలో నిండిన నీరు. అక్కడి ట్రౌట్ కూడా బయటి నుంచి వచ్చినదే: బ్రౌన్ ట్రౌట్‌నూ, కాలిఫోర్నియా మూలాలున్న రెయిన్‌బో ట్రౌట్‌నూ 19వ శతాబ్దం చివర్లో వదిలారు. న్యూజిలాండ్ చట్టం ప్రకారం ట్రౌట్‌ను అమ్మడం నిషిద్ధం, ఏ దుకాణంలోనూ, ఏ హోటల్ జాబితాలోనూ అది కనబడదు. కావాలంటే లైసెన్సు తీసుకుని గాలం వేసి పట్టుకోవలసిందే. టౌపో ప్రాంతానికి దేశంలోని మిగతా చోట్ల చెల్లే లైసెన్సు చెల్లదు, విడిగా తీసుకోవాలి. చేపను సరుకు కానివ్వకూడదన్న ఈ ఒక్క నిర్ణయం ఆ నీటిని ఎంతగా కాపాడిందో అక్కడ తిరిగితే అర్థమవుతుంది.

సరస్సు మీద తీసుకున్న చార్టర్ పడవలో లోటు వెతకడం కష్టం. సమయానికి బయలుదేరింది, లైఫ్ జాకెట్లు కొత్తవి, కెప్టెన్ మర్యాదస్తుడు, కూర్చునే కుర్చీలు మెత్తనివి. లోతు చూపే సోనార్ తెర మీద చేపల గుంపులు గీతల్లా కనబడుతుంటే, కెప్టెన్ సహాయకుడు బరువు కట్టిన తీగతో ఎరను కావలసిన లోతుకు దించి, పడవ మెల్లగా సాగుతుండగా గాలపుకర్రలను పట్టీల్లో నిలబెట్టాడు. ఒక కర్ర వంగింది. దాన్ని ఆయనే తీసి, చేప గట్టిగా తగులుకుందని నిర్ధారించుకుని, నా చేతికి అందించాడు. నేను చేసినదల్లా రీలు తిప్పడమే. అలా ఉదయమంతా మంచి బరువున్న చేపలు వచ్చాయి, నా దగ్గరున్న ఫొటోల్లో పెద్దవన్నీ ఆనాటివే. ఆ పూట ఏ చేప ముందు పడిందో, ఏది తరువాతదో ఇప్పుడు చెప్పమంటే చెప్పలేను. చిన్నపిల్లలతో వెళ్లేవారికి, నడవలేని పెద్దవాళ్లకు, అసలు గాలం పట్టడం రాని వారికి ఆ పడవ నిస్సందేహంగా మంచి ఎంపిక. సేవ పరంగా నేను పొందినవాటిలో అది అత్యుత్తమం, రోజు పరంగా మాత్రం అన్నిటికన్నా వెనకబడినది.

అదే సరస్సులోకి దక్షిణాన దిగే టోంగరీరో నది సంగతి వేరు. చలికాలంలో రెయిన్‌బో ట్రౌట్ గుడ్లు పెట్టడానికి సరస్సు విడిచి నది ఎగువకు ఎక్కుతాయి. వాన పడి నీరు కాస్త పెరిగి, రంగు మారి, మళ్లీ తేటపడుతున్న రోజుల్లో కొత్త గుంపులు లోపలికి వస్తాయి. తురాంగి అనే చిన్న ఊరు ఈ వేటకు కేంద్రం. అక్కడి లాడ్జిలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఆరబెట్టే గది: తడిసిన వేడర్లు (నీటిలో దిగడానికి తొడుక్కునే, తడి లోపలికి రానివ్వని పొడవాటి తొడుగులు), బూట్లు, చేతితొడుగులు రాత్రి వేలాడదీస్తే పొద్దున్నకు పొడిగా వెచ్చగా ఉంటాయి. చన్నీళ్లలో నడుము దాకా దిగి నిలబడే వేటలో ఈ గది విలువ పడక పరుపుల విలువకన్నా ఎక్కువ. గైడు కూడా అసలు ప్రశ్న ముందే అడిగాడు: మీకు చేప కావాలా, పట్టడం రావాలా? రెండోదే కావాలన్నందుకు పూట మొత్తం ఎర నీటి అడుగున ప్రవాహపు వేగంతోనే కొట్టుకుపోయేలా దారాన్ని ఎలా సరిచూసుకోవాలో చెప్పడంతోనే గడిచింది. విసిరిన ఎర ప్రవాహంకన్నా వేగంగా లాగబడితే చేప ముట్టదు, తాకకుండా వదిలేస్తుంది. కాబట్టి దారాన్ని ఎగువకు తిప్పుతూ వదులు ఇస్తుండాలి. ఆ నదిలో జలవిద్యుత్తు పథకం వల్ల నీటిమట్టం నియంత్రణలో ఉంటుంది, కనుక నది దాటే ముందు ఆనాటి ప్రవాహం ఎంతో తెలుసుకోవడం అవసరం. దాన్ని గైడు తనంత తానుగా చెప్పకపోతే ఆ గైడును మార్చుకోవడం మంచిదని నా ఉద్దేశం.

ఇస్లమొరాడాలో వేళను సూర్యుడు కాదు, ఆటుపోట్లు నిర్ణయిస్తాయి. పోటు రోజురోజుకూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి, నిన్న తొమ్మిదింటికి బాగున్న చోటు నేడు పదింటికి దగ్గరగా బాగుంటుంది, వారం గడిచేసరికి పూర్తిగా మరో పూటకు జరిగిపోతుంది. బోన్‌ఫిష్ అనే వెండిరంగు చేప పోటుతోపాటు మోకాలి లోతు కూడా లేని ఇసుక మేటల మీదికి వచ్చి పీతలను, రొయ్యలను తవ్వుకుని తింటుంది, ఆటు మొదలవగానే లోతుకు వెళ్లిపోతుంది. ఫ్లోరిడాలో 2013 నుంచి ఈ చేపను పట్టినా తిరిగి వదలాల్సిందే. చిన్న పడవ వెనుక భాగంలో మోటారు పైన ఒక అరుగు ఉంటుంది. గైడు దాని మీద నిలబడి, ఇంజను ఆపేసి, పొడవైన గెడతో పడవను చప్పుడు లేకుండా నెడతాడు. ముందు భాగంలో గాలం పట్టుకుని నిలబడిన వానికి గడియారం లెక్కన దిక్కు చెబుతాడు: పదకొండు గంటల వైపు, నలభై అడుగులు, ఎడమకు కదులుతోంది. ఆ మాటకూ ఎర నీటిని తాకడానికీ మధ్య ఉండే నాలుగైదు క్షణాల కోసమే జనం అంత దూరం వస్తారు.

అక్కడ గాలి మాకు అనుకూలించలేదు. నీటి మీద అలలు లేచి కింద ఉన్నది ఏదీ కనబడని స్థితి వచ్చింది, నీటి మీది మెరుపును తగ్గించే పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకున్నా లాభం లేకపోయింది. ముందు మాట్లాడుకున్న ఒక పడవ యజమాని, పేరెందుకు గానీ, వాతావరణం ఎలా ఉన్నా డబ్బు తిరిగి ఇచ్చేది లేదని, ఇష్టమైతే రమ్మని చెప్పి, తీరా వెళ్లాక మమ్మల్ని వంతెన కింద నిలబెట్టి పూట గడిపించాడు. మరునాడు తీసుకున్న గైడు తెల్లవారుజామునే ఫోను చేసి, ఉదయం వద్దు, గాలి మధ్యాహ్నానికి తగ్గేలా ఉంది, పోటు కూడా అప్పుడే ఉంది, రెండింటికి రండి అన్నాడు. తనకు రావలసిన పూర్తి రోజు కూలీని సగం పూటకు కుదించుకునే ఈ నిజాయితీ ఎంత అరుదో ఇలాంటి ప్రయాణాలు చేసేవారికి తెలుస్తుంది. ఆ మధ్యాహ్నం గురి తప్పి విసిరినవే ఎక్కువ. ఒక్క చేప మాత్రం తగులుకుని రీలులోని దారం మొత్తం లాగేస్తుందేమో అనిపించేలా పరుగెత్తి, మడ చెట్ల వేళ్ల చుట్టూ తిరిగి తెంపుకుపోయింది. చేతికి అందని ఆ చేపను టౌపోలో చేతికి అందించినవాటితో పోల్చడానికి నాకు మనసొప్పదు.

బరువుల మోజు గురించి ఒక మాట చెప్పి ముందుకు వెళతాను. 1959లో దక్షిణ ఆస్ట్రేలియాలోని సెడ్యూనా దగ్గర ఆల్ఫ్రెడ్ డీన్ గాలంతో పట్టిన తెల్ల సొరచేప 1,208 కిలోలు తూగింది. పెద్దనోటి బాస్ చేప రికార్డు ఇంకా చిత్రమైనది: 1932లో అమెరికాలోని జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టినది సుమారు 10 కిలోలు, 2009లో జపాన్‌లోని బివా సరస్సులో మనాబు కురిటా పట్టినది దానికన్నా ఒక ఔన్సుకు లోపు ఎక్కువ తూగింది. పాత రికార్డును దాటాలంటే కనీసం రెండు ఔన్సుల తేడా ఉండాలన్న నియమం వల్ల ఇద్దరినీ సమానంగా ప్రకటించారు. డెబ్బై ఏడేళ్ల తరువాత ఆ దూరం దాకా వచ్చి ఆగిన వ్యక్తి రోజు ఎలా గడిచి ఉంటుందో ఊహించుకోవచ్చు. మన స్థాయి వేటలో తక్కెడకు ఇంత స్థానం ఇవ్వడం అనవసరం. పైగా తూకం కోసం గాలిలో వేలాడదీసిన ప్రతి నిమిషమూ తిరిగి వదలదలచుకున్న చేపకు ప్రాణాంతకమే.

గైడును అంచనా వేయడానికి నేను చూసే మరో గుర్తు ఇక్కడే ఉంది. మంచివాడు చేపను తాకే ముందు చేతులు నీటిలో తడుపుతాడు, ఎందుకంటే పొడి చేతులు దాని ఒంటి మీది జిగురు పొరను తుడిచేస్తాయి. ఎదురుముల్లు నొక్కేసిన గాలాలే వాడతాడు. మొప్పల్లో వేళ్లు పెట్టనివ్వడు. ఫొటో కావాలంటే కెమెరా సిద్ధమయ్యాకే చేపను నీటిలోంచి ఎత్తుతాడు, కొన్ని క్షణాల్లో దించుతాడు, అలసిన చేపను ప్రవాహానికి ఎదురుగా పట్టుకుని, అది తనంత తాను తోక కొట్టేదాకా వదలడు. తీర్థన్ గైడు ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే చేశాడు. సరస్సు మీది ఖరీదైన పడవలో మాత్రం ఒక చేప డెక్కు మీద చాలాసేపు కొట్టుకుంది.

సామాను గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. అద్దెకు ఇచ్చే కర్రలు, రీళ్లు మూడు చోట్లా పనికివచ్చేవే. బూట్లు, కళ్లద్దాలు మాత్రం సొంతవి ఉండాలి, కాలికి సరిపడని అద్దె బూటు జారే రాళ్ల మీద నిజంగా ప్రమాదం. విదేశాలకు తీసుకెళ్లేవారు వాటిని పూర్తిగా కడిగి ఆరబెట్టి పెట్టెలో సర్దుకోవాలి. న్యూజిలాండ్ నదుల్లో 2004లో డిడిమో అనే నాచు బయటపడినప్పటి నుంచి ఈ విషయంలో వారి పట్టుదల చాలా గట్టిది. అడుగున ఫెల్టు, అంటే తడిని పట్టి ఉంచే ఒత్తిన ఉన్నిబట్ట లాంటి పొర, ఉన్న బూట్లను అనుమతించరు. తడి బూట్లతో విమానం దిగినవారి మంచి రోజు విమానాశ్రయంలోనే కరిగిపోతుంది.

ఈ మూడింటిలో మళ్లీ వెళ్లదలచుకున్నది తీర్థన్‌కే. గుడ్లు పెట్టే కాలమని నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి దాకా అక్కడ ట్రౌట్ వేటను ప్రభుత్వం మూసివేస్తుంది. మిగతా నెలల్లో మత్స్యశాఖ లైసెన్సు తీసుకుని వెళ్లవచ్చు. జూలై, ఆగస్టుల్లో వానలకు నది బురదరంగు తిరిగి, దారులు కూడా విరిగిపడతాయి కనుక ఆ రోజుల్లో ఎంత తక్కువ అద్దెకు బస దొరికినా వెళ్లడం దండగ. మార్చి చివరి వారాల్లో మధ్యాహ్నపు వేట బాగుంటుంది, పొద్దున్నే లేవడం ఇష్టం లేనివారికి అదే అనువు. సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా నీరు తేటపడి, పర్యాటకుల రద్దీ తగ్గి, మంచి గైడు ఖాళీగా దొరికే అవకాశం ఎక్కువ. బస మాట్లాడుకునేటప్పుడు గది ఫొటోలు అడగడంకన్నా, గడప నుంచి నీటి అంచు దాకా నడక ఎంతో, తెల్లవారకముందే తలుపు ఎవరు తీస్తారో అడగండి. ఈ రెండింటికీ వెంటనే జవాబు చెప్పిన చోట దిగండి.